విమల పొగడ్తలు విన్నవాళ్లు

“విమలక్కా, నువ్వు చచ్చిపోతే ఈ పిల్లులు నిన్ను ఎన్ని దినాలకు తింటయో ఎరుకేనా?”

సురేందర్ ఈ మాట మెట్ల మీద నిలబడి అడిగాడు, పట్టపగలు, చేతిలో చాయ్ గ్లాసుతో. అడిగి నవ్వాడు కూడా. విమల నవ్వలేదు.

“ముందుగాల నిన్ను తింటయి సురేందర్. నీ మీద కండ ఎక్కువున్నది” అని పక్కనుంచి దాటి పైకి వెళ్లిపోయింది.

సురేందర్ ఆ ఇంటి ఓనరు మనిషి. కిరాయిలు వసూలు చేయడం, నల్లా చెడిపోతే ప్లంబరును పిలవడం ఒకప్పుడు అతని పని. ఈ మధ్య పని మారింది. ఇప్పుడు ఇల్లు ఖాళీ చేయిస్తున్నాడు. నాంపల్లి స్టేషన్ రోడ్డు నుంచి అబిడ్స్ వైపు తెరుచుకునే గల్లీల్లో ఒకదానిలో ఉండేది ఆ ఇల్లు. కింద షట్టర్లు దించేసిన రెండు దుకాణాలు, పైన నాలుగు పోర్షన్లు. ఓనరు వామన్‌రావు బతికున్నంత కాలం కిరాయిదారులను ఎవరినీ కదిలించలేదు. దాన్ని ఆయన మంచితనం అని చెప్పుకుంటారు. బద్ధకం అన్నా పెద్ద తేడా రాదు. ఆయన పోయాక కొడుకు హర్షకు ఒక బిల్డరు దొరికాడు. మూడు పోర్షన్ల వాళ్లు ఇచ్చింది పుచ్చుకుని వెళ్లిపోయారు. మిగిలింది విమల ఒక్కతే.

ఆమెకు కావలసింది ఆ పోర్షన్‌లో ఉండిపోవడం. ఆమెకు వచ్చే పింఛనుకు ఆ పాత కిరాయి తప్ప ఈ ఊళ్లో ఇంకో కిరాయి సరిపోదు. వాళ్లకు కావలసింది ఆమె తనంతట తాను బయటికి నడవడం. కోర్టుకు పోతే ఏళ్లు పడుతుంది, బిల్డరుకు అంత ఓపిక ఉండదు. కాబట్టి ఆమెకు అక్కడ ఉండాలనే కోరికే చచ్చిపోయేలా చేయాలి. ఈ ఊళ్లో ఈ పని తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఎవరి మీదా చెయ్యి వేయక్కర్లేదు, గొంతు పెంచక్కర్లేదు. మెట్ల మీద నవ్వుతూ ఒక ప్రశ్న అడిగితే చాలు, మిగతాది చీకటి పడ్డాక ఆ మనిషే ఆలోచించుకుంటుంది.

విమల అబిడ్స్‌లో ఒక పెద్ద లాడ్జీలో టెలిఫోన్ ఆపరేటరుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్లకు ఆమె జీవితంలో ఎన్నడూ కొరత లేదు గనుక ఇక్కడ ఆ ప్రశ్న వదిలేద్దాం. చదువు ఇంటర్మీడియెట్‌తో ఆగింది. గొంతు బాగుందని ఉద్యోగం ఇచ్చారు. ఆ రోజుల్లో లాడ్జీ గదిలో ఫోనెత్తి తొమ్మిది తిప్పితే విమల పలికేది. సున్నా తిప్పితే బయటి లైను వచ్చేది. మధ్యలో లైన్లు కలిపే ఆమె బోర్డు. పెళ్లిచూపులకు దిగిన కుటుంబాలు, సెక్రటేరియట్‌లో ఫైలు కదిలించుకోవడానికి జిల్లాల నుంచి వచ్చిన కాంట్రాక్టర్లు, ఇంట్లో ఒక పేరు చెప్పి లాడ్జీలో ఇంకో పేరు రాయించుకున్న జంటలు, అందరి మాటలూ ఆ బోర్డు మీదుగానే పోయేవి. వినకూడదని రూలు. ఆ రూలు పాటించిన ఆపరేటరు ఈ భూమ్మీద పుట్టలేదు. విమల వినేది, బయట పెట్టేది కాదు. అంతవరకే ఆమె నీతి.

విని విని ఆమె చెవికి ఒక విద్య పట్టుబడింది. ఇద్దరు మాట్లాడుకుంటున్న లైను మీద మూడో మనిషి ఇంకో గదిలో రిసీవర్ ఎత్తితే గొంతులు కాస్త పలచబడతాయి. మామూలు చెవికి తెలియదు. ఆమెకు తెలిసేది. అలా తెలిసినప్పుడు మాట్లాడుతున్నవాళ్లను హెచ్చరించేదా అంటే, లేదు. అది తన పని కాదనుకునేది.

పొగడటం కూడా ఆమె పని కాదు. ఆమె దగ్గర బోర్డు నేర్చుకున్న అమ్మాయిల్లో ఒక్కరు కూడా ఆమె నోట శాబాష్ అన్న మాట విన్నామని చెప్పరు. తప్పు చేస్తే చెప్పేది, ఒప్పు చేస్తే ఊరుకునేది. ఊరుకుందంటే బాగా చేసినట్టు. అట్లా అర్థం చేసుకోవడానికి కొందరికి ఏడాది పట్టింది, కొందరు అంతకుముందే ఉద్యోగం మానేశారు.

అలాంటి మనిషి పిల్లులను పొగడటం ఎలా మొదలుపెట్టిందో చెప్పాలి.

ఎదురు పోర్షన్ జయమ్మ కుటుంబం ఖాళీ చేసి వెళ్లాక ఆ అంతస్తంతా నిశ్శబ్దమైంది. ఒంటరితనం భరించలేక పిల్లులను తెచ్చుకుందని రాస్తే చదవడానికి బాగుంటుంది. ఆమె చెప్పిన కారణం వేరు. “ఎలుకలు ఎక్కువైనయి” అంది. ఖాళీ పోర్షన్లలో ఎలుకలు కాపురం పెట్టాయి. ఎవరో హిమాయత్‌నగర్‌లో ఒకమ్మాయి పిల్లులను ఊరికే ఇస్తుందని చెప్తే వెళ్లింది.

ఆ అమ్మాయి పేరు శ్రీనిధి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రెండు గదుల ఫ్లాటు, దాన్నిండా రోడ్ల మీద దొరికిన పిల్లులు. ఊరికే ఇస్తుందన్న మాట నిజమే గానీ షరతులు చాలా ఉన్నాయి. కిటికీలకు జాలీ వేయించాలి, కట్టేయకూడదు, వారం వారం వీడియో పంపాలి.

“ఆంటీ, మీరు ఎలుకల కోసం అడుగుతున్నారా?” అంది శ్రీనిధి.

“ఔనమ్మా.”

“వీళ్లు ఎలుకల్ని పట్టరు. చికెన్ తింటారు.”

“మరి నేనెందుకు తీసుకోవాలె?”

“నాకేం తెలుసు ఆంటీ. మీరింకా లేచి వెళ్లలేదు కదా.”

విమల లేచి వెళ్లలేదు. ఒక గండుపిల్లి, బూడిదరంగుది, ఆమె వైపు చూడనైనా చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఇంకో ఆడపిల్లి, మూడు రంగులది, ఆమె చెప్పులు వాసన చూసి అదేపనిగా అరుస్తోంది. రెంటినీ విడదీయనని శ్రీనిధి ఇంకో షరతు పెట్టింది. ఆటోలో తెచ్చుకుంటూ దారిలోనే పేర్లు పెట్టింది విమల. బయటికే చూసేవాడు జీరో. తనను పిలిచేది నైన్.

శ్రీనిధి ఫోన్‌లో పాఠం చెప్పింది. “పట్టుకోవద్దు ఆంటీ. దూరంగా కూర్చుని మాట్లాడండి. వాళ్లు ఏం చేసినా మెచ్చుకోండి. పేరు పెట్టి, ఏం చేశారో అది చెప్పి మెచ్చుకోండి. రోజూ అదే గొంతుతో. గొంతు అలవాటైతే ఇల్లు అలవాటైనట్టే.”

జీరో బీరువా కింద దూరాడు. నైన్ గ్యాస్ సిలిండరు వెనక చేరింది. విమల గది మధ్యలో స్టూలు వేసుకుని, గొంతు సవరించుకుని, బోర్డు మీద మాట్లాడినట్టే మాట్లాడింది: “జీరో గారూ, గుడ్ మార్నింగ్. మీరు రాత్రి అన్నం తిన్నరు. థాంక్యూ.” ఆ వీడియో చూసి శ్రీనిధి ఎంతగానో నవ్వి, ఇంకో నలుగురికి పంపింది.

కొద్ది వారాల్లో ఆ గొంతు మారిపోయింది. ఎన్నేళ్లుగా దాచిపెట్టిందో తెలియదు గానీ విమల దగ్గర మెచ్చుకోలు చాలానే ఉంది. పొద్దున లేచింది మొదలు నడిచేది.

“నైన్ బిడ్డా, సిలిండరు వెనకనుంచి ముక్కు బయటికి పెట్టినవ్. శాబాష్. ఎంత ధైర్యం నీది. నీ ముక్కు చూసుడుకే నేను పొద్దున లేచిన… జీరో రాజా, నువ్వు కుక్కర్ సీటీకి భయపడి బీరువా కిందికి పోయినవ్, గనీ మళ్లొచ్చినవ్. భయపడనోడు మొనగాడు కాదు బేటా, మళ్లొచ్చినోడు మొనగాడు… ఔనే, నువ్వు పాలు తాగలేదు, నీకు పాలు పడవు, గా ముచ్చట నీకే ఎరుకైంది, ఎంత అక్కల్ నీకు.”

జీరోకు స్నానాలగది కిటికీ నచ్చింది. ఆ ఇంట్లో నాలుగు పోర్షన్ల స్నానాలగదుల కిటికీలూ గాలి కోసం వదిలిన ఒకే ఇరుకు సందులోకి తెరుచుకుంటాయి. అందరూ డక్టు అంటారు. కింద పైపులు, పైన పిడికెడంత ఆకాశం. విమల కిటికీకి ఎదురుగా జయమ్మ వాళ్ల కిటికీ. మధ్య దూరం చెయ్యి చాపితే కాస్త మిగులుతుంది. జీరో జాలీకి ఇవతల ఆ గట్టు మీద కూర్చుని పావురాలను చూసేవాడు కాబట్టి విమల స్టూలు స్నానాలగది గుమ్మంలోకి మారింది. అక్కడ ఏం మాట్లాడినా కాస్త మోగుతుంది. తన గొంతు తనకే బాగుందనిపించేది. మెచ్చుకోలంతా అక్కడే, ఆ సందులోకే పోయేది.

ఆ సందు అడుగున, మెట్ల కింది గదిలో యాదవ్వ ఉండేది. మెట్లు ఊడ్చి, దుకాణాల ముందు కడిగి బతికే మనిషి. భర్త బిచ్చయ్య మంచంలో ఉన్నాడు. ఊరొదిలి వచ్చి ఆ గదిలోనే తల నెరిసింది. కొత్త బిల్డింగు లేస్తే వాచ్‌మన్ గది మీదేనని హర్ష ఆమెకు మాటిచ్చాడు. బిల్డింగు లేవాలంటే విమల పోవాలి. ఇది హర్షకు, యాదవ్వకు, విమలకు ముగ్గురికీ తెలిసిన లెక్కే, ఎవరూ బయటికి అనలేదు.

ఒకరోజు యాదవ్వ బకెట్టుతో పైకొచ్చి గుమ్మంలో నిలబడింది.

“విమలమ్మా, గట్ల మొఖం మీద పొగడొద్దమ్మా. దిష్టి తగుల్తది.”

“పిల్లికి దిష్టేంది యాదవ్వా? పిల్లి ఎదురొస్తెనే మనకు కీడంటరు. కీడుకు కూడ దిష్టి తగుల్తదా?”

“నవ్వకు. మనసుల అనుకో. గట్టిగ అనకు.”

“గట్టిగంటే ఏమైతది?”

“ఇనేటోళ్లు ఇంటరు.”

అని బకెట్టు ఎత్తుకుని దిగిపోయింది. విమల ఆ సాయంత్రం ఈ ముచ్చటంతా నైన్‌కు చెప్పి నవ్వుకుంది. చదువుకున్నవాళ్లు దిష్టి మాట వస్తే వెంటనే రెండు పక్షాలుగా చీలిపోతారు. ఒకరు మూఢనమ్మకం అంటారు, ఇంకొకరు పెద్దలు ఊరికే అనలేదంటారు. రెండు పక్షాలూ ఆ మాట చెప్పిన మనిషి ముఖం చూడటం మాత్రం మానేస్తాయి. విమల కూడా చూడలేదు.

తర్వాత చిన్న చిన్నవి మొదలయ్యాయి. నైన్‌కు మోటరు చప్పుడంటే భయమని, నీళ్లు పట్టుకునే ఆ కాసేపు పొద్దున దాన్ని ఒళ్లో పెట్టుకుంటున్నానని విమల దానికే చెప్పి మెచ్చుకుంది. ఆ వారమే మోటరు వేళలు మారాయి. పొద్దున రాదు, ఎప్పుడొస్తుందో తెలియదు. డ్రమ్ము నిండేది కాదు. మెట్ల మీది బల్బు వెలుగుతోంది కాబట్టి పొద్దుగూకినా చికెన్ తేగలుగుతున్నానని జీరోకు చెప్పింది. బల్బు పోయింది. కొత్తది పెట్టించింది, హోల్డరే పోయింది. పాత ఇల్లు, పాత వైర్లు అనుకుంది.

సురేందర్ మెట్ల మీద ఎదురుపడి పలకరించాడు. “ఏంది అక్కా, మన జీరో కిటికీ కాడనే ఉంటున్నడంట. మంచిగనే ఉన్నడా?”

“మంచిగనే ఉన్నడు.”

“నైన్?”

“అది నన్ను ఇడ్వదు.”

పైకొచ్చాక కూడా ఆమెకు తట్టలేదు. పిల్లుల పేర్లు శ్రీనిధికి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. లైను మీద ఊపిరి వినపడితే ఏ గదిదో చెప్పగలిగిన చెవి, తన ఇంటి సంగతి వచ్చేసరికి పని చేయలేదు. ముప్పై ఏళ్లు ఇతరుల మాటలు విన్న మనిషికి తన మాటలు కూడా ఎవరైనా వింటారన్న ఊహే రాలేదు. ఇంకో చిన్న కారణం కూడా ఉంది, అంత గొప్పది కాదు. చాలాకాలం తర్వాత ఎవరో ఆమెను ఆమె ఇంట్లో వాళ్ల గురించి అడిగారు. అది బాగుంది ఆమెకు.

జీరో ఎవరి చేతి నుంచీ ఏదీ తీసుకునేవాడు కాదు. గిన్నెలో పెట్టినా మనిషి దూరం జరిగితేనే తినేవాడు. ఒక మధ్యాహ్నం విమల ఉడికించిన చికెన్ ముక్క ఒకటి కిటికీ గట్టు మీద పెట్టింది. తను అక్కడే నిలబడి ఉండగానే తిన్నాడు. ఆ రోజు ఆమె సంతోషం డక్టు అంతా మోగింది.

“జీరో రాజా, నువ్వు మొనగాడివిరా. గట్టు మీద పెడితే నా ముందటనే తిన్నవ్. నీకు నమ్మకం కుదిరింది. ఇగ రోజూ గిక్కడనే పెడత, ఇదే నీ పళ్లెం. శాబాష్ బిడ్డా, శాబాష్.”

మర్నాడు మొజంజాహీ మార్కెట్‌కు వెళ్లి కూరగాయలు తెచ్చుకుంది. తలుపు తీయగానే నైన్ అరుపు వేరుగా వినపడింది. స్నానాలగదిలో జీరో పక్కకు పడి ఉన్నాడు, కాళ్లు బిగుసుకుపోతూ, నోటి దగ్గర నురగ. గట్టు మీద సగం కొరికిన చేపతోక ఉంది. విమల ఇంట్లో చేప రాదు. జాలీకి కింది మూల కట్టిన తీగ విప్పి ఉంది, ఒక కర్ర పట్టేంత.

తువాలులో చుట్టుకుని ఆటోలో నారాయణగూడ పశువుల దవాఖానకు తీసుకుపోయింది. దారంతా మాట్లాడుతూనే ఉంది. “ఊపిరి తీసుకుంటున్నవ్, శాబాష్. ఇంకోటి తీసుకో. గట్లనే. ఇంకోటి.” డ్రైవరు అద్దంలో చూసి వేగం పెంచాడు. దవాఖానలో బల్ల మీద పెట్టేసరికి మెచ్చుకోవడానికి ఊపిరి మిగల్లేదు.

“ఎలుకల మందు” అన్నాడు డాక్టరు. “ఇంట్లో మీరేమైనా పెట్టారా?”

“లేదు.”

“అయితే ఎవరో పెట్టారు.” ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

శ్రీనిధి వచ్చి జీరోను తీసుకుపోయింది, ఖైరతాబాద్‌లో తన స్నేహితురాలి ఇంటి వెనక కాస్త మట్టి ఉందని. నాంపల్లి గల్లీల్లో పిల్లిని పూడ్చేంత మట్టి కూడా లేదు. వెళ్తూ వెళ్తూ అంది, “నైన్‌ని నాకిచ్చేయండి ఆంటీ. కోపంతో కాదు. అక్కడుంటే దీన్ని కూడా చంపుతారు.”

“ఇయ్యను” అంది విమల. తర్వాత, “జర ఆగు, చెప్త” అంది.

పోలీసుల దగ్గరికి ఎందుకు వెళ్లలేదని ఆమెను అడగవచ్చు. ఏమని వెళ్తుంది? చేపతోక పట్టుకుని వెళ్తుందా?

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం అలవాటు కొద్దీ స్టూలు మీద కూర్చుని నైన్‌తో ఏదో అంటోంది. ఉన్నట్టుండి తన గొంతు తనకే కాస్త పలచగా వినిపించింది. రోజూ గోడకు తగిలి తిరిగొచ్చే మోత కొంత ఎటో పోయింది. ఆమె తల తిప్పలేదు. బోర్డు ముందు కూర్చున్నవాళ్లెవరూ ఆ క్షణాన మాట ఆపరు. ఎదురు కిటికీ తలుపు తెరుచుకుంది, అంతే. జయమ్మ ఖాళీ చేసి తాళం వేసి పోయిన ఇంట్లో ఎవరో రిసీవర్ ఎత్తారు.

బల్బు, మోటరు, జీరో పేరు, గట్టు. ఆమె అన్నీ ఒకదాని వెనక ఒకటి కలుపుకుంది, లైన్లు కలిపినట్టు. అంతా తన నోటి నుంచే పోయింది. ఏం తింటాడో, ఎక్కడ తింటాడో, ఎవరి చేతి నుంచి తీసుకోడో, అన్నీ పేరు పెట్టి, ఏం చేశాడో అది చెప్పి, రోజూ అదే గొంతుతో తనే అప్పజెప్పింది. దిష్టి అనేది లేదు. చెవి ఉంది, చెయ్యి ఉంది.

ఆమె గొంతు మార్చలేదు. “నైన్ బిడ్డా” అంది, అంతే ప్రేమగా, “రేపు పొద్దున మనం గౌలిగూడ పోతున్నం. స్వర్ణక్క ఇంట్ల పూజ ఉన్నది. పొద్దుగూకితె గనీ రాం. ఇంట్ల ఎవ్వరుండరు. నువ్వు బుట్టల మంచిగ కూసుంటవ్ గదా. శాబాష్.”

స్వర్ణక్క అనే మనిషి లేదు.

మర్నాడు ఆమె స్టవ్ వెలిగించలేదు, ఫ్యాన్ వేయలేదు. తలుపుకు లోపలి తాళమే కాబట్టి బయటినుంచి ఏమీ తెలియదు. నైన్‌ను ఒళ్లో పెట్టుకుని తలుపుకు ఎదురుగా కుర్చీలో కూర్చుంది. మొదట మెట్ల మీద చీపురు చప్పుడు వచ్చి గుమ్మం దగ్గర ఆగి దిగిపోయింది. చాలాసేపటికి చెప్పుల చప్పుడు. ఎవరో ఒకసారి తలుపు తట్టారు. తర్వాత తాళంచెవి తిరిగింది. ఓనర్ల దగ్గర ఇంకో తాళంచెవి ఎప్పుడూ ఉంటుంది.

సురేందర్ లోపలికి వచ్చాడు. వెనక ఇద్దరు మనుషులు, భుజాల మీద ఖాళీ గోనెసంచులు, ఒకడి చేతిలో కొత్త తాళంకప్ప. వాళ్ల వెనక యాదవ్వ.

సురేందర్ ఆగిపోయాడు. ఎంతోసేపు కాదు.

“పోలేదా అక్కా?”

“యాడికి?”

“అదే… గౌలిగూడకు.”

“గౌలిగూడకు పోతున్న అని నీకెవరు చెప్పిన్రు?”

సురేందర్ యాదవ్వ వైపు చూశాడు. యాదవ్వ చీపురు వైపు చూసింది.

కథలు చెప్పేవాళ్లకు ఇక్కడ ఆగాలనిపిస్తుంది. పట్టేసింది, దొరికిపోయారు, తలలు వంచుకుని దిగిపోయారు. అలాంటిదేమీ జరగలేదు. దొరికిపోతే సిగ్గుపడాలని ఎవరు చెప్పారు? సురేందర్ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. సంచుల మనుషులు ఆమెకూ తలుపుకూ మధ్య నిలబడ్డారు. ఒకడు తాళంకప్పను టీవీ మీద పెట్టాడు, తన సొంత సామాను పెట్టుకున్నట్టు.

“మంచిదే అయింది. ఎదురుగ కూసోని మాట్లాడుకుందం” అన్నాడు సురేందర్. వంగి నైన్ తల మీద వేలు పెట్టి నిమిరాడు. నైన్ కదల్లేదు. కొత్తవాళ్లకు భయపడొద్దని వారాల తరబడి నేర్పింది విమలే. “గిది నైన్ గదా. బక్కగైంది పాపం. జర మంచిగ చూసుకో అక్కా. ఒకటే మిగిలింది.”

విమల అతన్ని వదిలేసి యాదవ్వను అడిగింది. “చేప నువ్వే పెట్టినవా?”

“నేను పెట్టలే అమ్మా.”

“మరి?”

“కిటికి దీసిన. గంతే. కర్ర ఎవలదో నాకు తెల్వదు.” యాదవ్వ గొంతులో ఏడుపు లేదు, చిరాకు ఉంది. “నేను జెప్పలేదా నీకు? పొగడొద్దని జెప్పిన. గట్టిగ అనకన్న. ఇంకెట్ల జెప్పాలె నేను? గాడ మంచంల మనిషిని పెట్టుకోని ఇంతకన్న ఏం జెప్తరెవలన్న?”

ఆ రోజు గుమ్మంలో బకెట్టుతో నిలబడ్డ మనిషి తనకు చేతనైన భాషలో చెప్పాల్సింది చెప్పేసింది. దిష్టి అంటే నవ్వొచ్చింది కాబట్టి మిగతాది చెవిన పడలేదు.

సురేందర్ ఫోన్ కలిపి ఇచ్చాడు. హర్ష గొంతు చాలా మర్యాదగా ఉంది. “ఆంటీ, మీరు మా నాన్నగారి కాలం నుంచి ఉన్నారు. మీకు కష్టం రానిస్తానా? అది పాత బిల్డింగు ఆంటీ, రేపు వానల్లో గోడ మీ మీద పడితే నా ప్రాణం ఒప్పుకోదు. మిగతావాళ్లకు మూడు ఇచ్చాను. మీకు ఐదు లక్షలు. రెండు ఇప్పుడు, మిగతాది తాళాలు చేతికిచ్చిన రోజు.”

విమల ఆ గొంతు వింటూ నైన్ వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. చేతి కింద చిన్న గుండె గబగబా కొట్టుకుంటోంది. ఆమె పోరాడి ఉండాల్సిందని తర్వాత అన్నవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఎవరి ఇంటి కిటికీలోకీ కర్ర రాలేదు. కిరాయిదారుల హక్కుల గురించి ఆమెకు తెలియక కాదు, లాయరుకు ఒకసారి ఫీజు కూడా కట్టింది. కాని హక్కు ఉన్న ఇంట్లో రోజూ నైన్ గిన్నెను వాసన చూసి పెట్టాలి. నిద్రలో కూడా ఒక చెవి కిటికీ వైపు ఉంచాలి. నోరు విప్పేముందు ఏ మాట ఎవరికి పనికొస్తుందో చూసుకోవాలి. వాళ్లు ఆమెను కొట్టలేదు. ఆ ఇంట్లో పెదవి విప్పకుండా చేశారు.

“సరే” అంది ఫోన్‌లో.

“చాలా మంచి నిర్ణయం ఆంటీ” అన్నాడు హర్ష. అతను మెచ్చుకునే గొంతు కూడా బాగానే ఉంది.

సంచులు తెచ్చిన మనుషులే సామాను దించారు. యాదవ్వ గిన్నెలన్నీ పేపర్లలో చుట్టి జాగ్రత్తగా కట్టింది, ఒక్కటీ పగల్లేదు. దిగేటప్పుడు పిల్లి బుట్ట పట్టుకోబోతే విమల ఇవ్వలేదు.

ఇప్పుడు ఆమె నిజంగానే గౌలిగూడలో ఉంటోంది. మూడో అంతస్తులో ఒక గది, పాత దానికి మూడింతల కిరాయి. కిటికీ రోడ్డు మీదికి. బస్సులు, లారీలు, హమాలీల అరుపులు. ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఆమె మాత్రం మాట్లాడదు. నైన్ అక్కడికి వచ్చిన రోజే గ్యాస్ సిలిండరు వెనక చేరింది. విమల ఎదురుగా కింద కూర్చుని చూస్తుంది. ఒక్కోసారి పెదవులు కదులుతాయి. అది ముక్కు బయటికి పెట్టినా పైకి ఏమీ అనదు. శ్రీనిధికి వారం వారం వీడియో పంపుతుంది. వాటిలో గిన్నె ఉంటుంది, తోక ఉంటుంది, రోడ్డు చప్పుడు ఉంటుంది. గొంతు ఉండదు. “మాట్లాడండి ఆంటీ, లేకపోతే అది సెటిల్ కాదు” అని శ్రీనిధి మెసేజ్ పెడుతుంది. చదివినట్టు నీలం గీతలు పడతాయి.

నాంపల్లిలో ఇల్లు కూల్చేశారు. చుట్టూ రేకులు కట్టారు. ఆ రేకుల లోపల, సిమెంటు బస్తాల పక్కన ఒక షెడ్డులో యాదవ్వ, బిచ్చయ్య ఉంటున్నారు. వాచ్‌మన్ గది బిల్డింగు పూర్తయ్యాక. బిల్డింగుకు పర్మిషన్ ఇంకా రాలేదు.

తాళాలు ఇచ్చిన రోజు హర్ష ఊళ్లో లేడు. విమలకు ఇస్తానన్న ఐదు లక్షల్లో రెండు లక్షలు ముట్టాయి. మూడు లక్షలు ఇంకా రావాలి.